కారు మొరాయిస్తే నింద ముందా, పరీక్ష ముందా?

మన మధ్యతరగతి కుటుంబాల్లో కారును ఒకసారి కొంటే పదిహేనేళ్ళో, ఇరవయ్యేళ్ళో వాడుకోవడం అలవాటు. తండ్రి నడిపిన కారు కొడుకు చేతికి వస్తుంది. మామూ అమ్మేసిన కారు మేనల్లుడి ఇంటి ముందుకు చేరుతుంది. మొదటి మారుతి 800 మన రోడ్ల మీదికి వచ్చింది 1983 డిసెంబరులో. 2014 జనవరిలో దాని తయారీ ఆగిపోయింది. అదే ఏడాది అంబాసిడర్ తయారీ కూడా నిలిచిపోయింది. ప్రీమియర్ పద్మిని అంతకు చాలాముందే సెలవు తీసుకుంది. అయినా ఈ మూడు రకాల కార్లూ మన ఊళ్ళలో ఇప్పటికీ అక్కడక్కడా తిరుగుతూనే ఉన్నాయి. సొంత కారుకు 15 ఏళ్ళ రిజిస్ట్రేషన్ గడువు తీరిన తర్వాత తనిఖీ చేయించి, ఐదేళ్ళ చొప్పున పొడిగించుకునే వీలు మోటారు వాహనాల చట్టంలో ఉంది గనుక, బాగా చూసుకునేవారికి పాత కారు బరువు కాదు.

అయితే పాత కారు ఒక్కోసారి పెద్ద పరీక్షే పెడుతుంది. అర్ధరాత్రి ఇంట్లో ఎవరికైనా ఛాతీలో నొప్పి వచ్చిందనుకోండి. ఆడపడుచుకు పురిటి నొప్పులు మొదలయ్యాయనుకోండి. అందరూ హడావుడిగా కారెక్కుతారు. తాళంచెవి తిప్పితే అది పలకదు! అటువంటి క్షణంలో మనిషికి కలిగే నిస్సహాయత అంతా ఇంతా కాదు. మర్నాడు ఎవరో ఒకరు "బ్యాటరీ పోయింది" అంటారు, కొత్తది కొంటాం. వారం తిరక్కుండా మళ్ళీ అదే తంతు. ఈసారి "సెల్ఫ్ పోయింది" అంటారు. అలా ఒకదాని తర్వాత ఒకటి మార్చుకుంటూ పోతే జేబు ఖాళీ అవుతుందేగాని జబ్బు నయం కాదు.

పరీక్షించకుండా మనిషి మీద నింద వేయడం ఎంత అన్యాయమో, పరీక్షించకుండా ఒక భాగం మీద నేరం మోపడం అంత నష్టం. కారు కరెంటు వ్యవహారం చూడటానికి చిక్కుముడిలా ఉంటుందిగాని, వరుస తెలిస్తే చాలావరకు మనమే విప్పుకోవచ్చు. కనీసం మెకానిక్ వద్దకు వెళ్ళినప్పుడు ఏం అడగాలో మనకు తెలుస్తుంది.

కరెంటు నడిచే దారి

ఒకప్పుడు కారు ముందు నిలబడి ఇనుప హ్యాండిల్‌తో ఇంజన్ తిప్పేవారు. పాత అంబాసిడర్లలో ఆ హ్యాండిల్ వాడినవారు మనలో ఇంకా ఉన్నారు. కరెంటు మోటారుతో ఇంజన్ తిప్పే పద్ధతి 1912లో అమెరికాలోని కాడిలాక్ కారుతో జనంలోకి వచ్చింది. మనం 'సెల్ఫ్' అని పిలుచుకునే మోటారు అదే.

బ్యాటరీ పాజిటివ్ కొన నుంచి బొటనవేలంత లావు కేబుల్ ఒకటి సెల్ఫ్ మీద ఉండే సోలినాయిడ్‌కు వెళ్తుంది. తాళంచెవి తిప్పినప్పుడు సన్నని వైరు ద్వారా సోలినాయిడ్‌కు ఆజ్ఞ అందుతుంది. అది 'టక్'మని లాగి లోపలి రాగి బిళ్ళలను కలుపుతుంది. అప్పుడు లావు కేబుల్‌లోని కరెంటు మోటారులోకి దూకుతుంది. చిన్న కారు సెల్ఫ్ సైతం వంద ఆంపియర్ల చుట్టుపక్కల కరెంటు లాగుతుంది.

వెళ్ళిన కరెంటు తిరిగి బ్యాటరీ నెగెటివ్ కొనకు చేరాలి కదా! దానికి వేరే వైరు ఉండదు. ఇంజన్ ఇనుము, కారు బాడీయే తిరుగు దారి. దీన్నే 'ఎర్త్' అంటాం. అయితే ఇంజన్ రబ్బరు దిమ్మల మీద కూర్చుని ఉంటుంది. రబ్బరు కరెంటును పోనివ్వదు. అందుకే ఇంజన్‌కూ బాడీకీ మధ్య జడలా అల్లిన రాగి పట్టీ ఒకటి బిగిస్తారు. కారు కింద, బురదకూ ఆయిలుకూ మధ్య ఉండే ఈ పట్టీ చాలామంది కంట పడదు. పాత కారులో చాలా చిక్కులకు మూలం అదే. (1950, 60 దశకాల నాటి కొన్ని బ్రిటిష్ కార్లలో పాజిటివ్ కొనే ఎర్త్‌గా ఉండేది. అటువంటి పాత బండి ఉన్నవారు ముందు ఆ సంగతి తేల్చుకోవాలి.)

1827లో జర్మనీ శాస్త్రజ్ఞుడు జార్జ్ ఓమ్ ప్రకటించిన సూత్రం ఇక్కడ మనకు దారి చూపుతుంది. వంద ఆంపియర్లు పోయే దారిలో తుప్పు వల్లనో, వదులు బోల్టు వల్లనో ఓమ్‌లో యాభయ్యో వంతు అడ్డంకి ఏర్పడినా చాలు, అక్కడే 2 వోల్టులు హరించుకుపోతాయి. రేడియో పాడుతుంది, లైటు వెలుగుతుంది, ఎందుకంటే వాటికి కావలసిన కరెంటు తక్కువ. సెల్ఫ్ మాత్రం మూలుగుతుంది. "లైట్లు బాగానే వెలుగుతున్నాయి కాబట్టి కనెక్షన్లు బాగున్నాయి" అనుకోవడం అందుకే పొరపాటు.

చెవి పెట్టి వినండి

హకీమ్ నాడి పట్టుకున్నట్లు, ముందు కారు చేసే చప్పుడు వినాలి. హెడ్‌లైట్లు వేసి, తాళంచెవి తిప్పి, చప్పుడునూ వెలుగునూ కలిపి గమనించాలి.

చప్పుడేమీ లేదు, లైట్లు కాంతి తగ్గకుండా వెలుగుతున్నాయంటే, సోలినాయిడ్‌కు ఆజ్ఞ అందడం లేదు. తాళంచెవి స్విచ్, సన్నని వైరు, దాని క్లిప్పు చూడాలి.

టకటకటక అని వరుసగా కొట్టుకుంటూ లైట్లు మినుకుమంటున్నాయంటే, బ్యాటరీలో శక్తి లేదు, లేదా దాని కొనల దగ్గర పట్టు లేదు.

ఒక్కసారి 'టక్'మని ఊరుకుంటే, సోలినాయిడ్ లాగిందిగాని కరెంటు మోటారుకు చేరలేదు. లోపలి రాగి బిళ్ళలు కాలిపోయి ఉండవచ్చు, మోటారు బ్రష్షులు అరిగి ఉండవచ్చు. చెక్క పిడితో సెల్ఫ్ ఒంటి మీద మెల్లగా తడితే ఒకసారి తిరిగిందంటే బ్రష్షుల పని అయిపోవచ్చిందని అర్థం. ఇది ఇల్లు చేరడానికి ఉపాయమే, చికిత్స కాదు.

చెవి తిప్పగానే లైట్లు పూర్తిగా ఆరిపోతే, బ్యాటరీ టెర్మినల్ వదులుగా ఉందో, తుప్పు పట్టిందో చూడాలి. గిర్రున తిరిగిన చప్పుడు వస్తూ ఇంజన్ కదలకపోతే, సెల్ఫ్ పళ్ళ చక్రం ఇంజన్ చక్రాన్ని పట్టుకోవడం లేదు. ఇది మెకానిక్ పని.

బ్యాటరీని అడగండి

ఇప్పుడు మల్టీమీటర్ కొన్ని వందల రూపాయలకే దొరుకుతోంది. పాత కారున్న ప్రతి ఇంట్లో ఇది ఉండాలి. అది లేకపోతే 12 వోల్టుల చిన్న బల్బుకు రెండు వైర్లు అతికించుకున్నా సగం పని జరుగుతుంది.

కారు రాత్రంతా ఆగి ఉన్న తర్వాత తెల్లవారి బ్యాటరీ రెండు కొనల మీద మీటరు పెట్టండి. 12.6 వోల్టులు చూపిస్తే నిండుగా ఉంది. 12.2 అయితే సగం. 12 కన్నా తగ్గితే ఇంచుమించు ఖాళీ. ఇప్పుడు మరొకరిని తాళంచెవి తిప్పమని, సెల్ఫ్ తిరుగుతుండగా చూడండి. 10 వోల్టులకు అటూ ఇటూ నిలబడితే మంచిది. నిండుగా ఛార్జి చేసిన తర్వాత కూడా 9.5 కంటే కిందికి జారిపోతుంటే బ్యాటరీ ముసలిదైంది, లేదా సెల్ఫ్ అతిగా కరెంటు లాగుతోంది. ఇంజన్ స్టార్టయ్యాక, కాస్త ఆక్సిలేటర్ తొక్కితే 13.8 నుంచి 14.5 వరకు చూపించాలి. 12.5 దగ్గరే ఆగిపోతే ఆల్టర్నేటర్ గాని, దాని బెల్టు గాని పని చేయడం లేదు. 15 దాటితే రెగ్యులేటర్ చెడిపోయింది, బ్యాటరీని మరిగించి చంపుతుంది.

టెర్మినళ్ళ మీద తెల్లగానో, ఆకుపచ్చగానో పొడి పేరుకుంటే వంటసోడా కలిపిన నీళ్ళతో కడగాలి. ఆ నీళ్ళు బ్యాటరీ లోపలికి పోకూడదు. ఆరాక మెరిసేలా గీకి, గట్టిగా బిగించి, పైన వ్యాజ్‌లైన్ రాయాలి. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వంటి సముద్ర తీరపు ఊళ్ళలో ఉప్పుగాలి వల్ల ఈ పని తరచుగా చేసుకోవలసి ఉంటుంది. బ్యాటరీ విప్పేటప్పుడు నెగెటివ్ ముందు విప్పాలి, బిగించేటప్పుడు అదే చివర బిగించాలి. లేకపోతే పానా బాడీకి తగిలి నిప్పులు చెరుగుతుంది.

ఒక ఇంట జరిగిన సంగతి

మాకు బాగా తెలిసిన ఒక కుటుంబం ఉంది. 1996 నాటి మారుతి 800 వారికి తండ్రి మిగిల్చిన ఆస్తి. తల్లికి మూత్రపిండాలు చెడిపోయి వారానికి రెండుసార్లు డయాలసిస్‌కు తీసుకువెళ్ళాలి. కారు పొద్దున పూట పలికేది, ఆసుపత్రి నుంచి తిరిగి వచ్చేటప్పుడు వేడిమీద మూలిగేది. ఒక షాపులో కొత్త బ్యాటరీ అంటగట్టారు. నెలలోపే మరోచోట సెల్ఫ్ విప్పి బాగుచేశారు. ఖర్చు వేలల్లోకి పోయింది. చివరికి ఒక సాయంత్రం, డయాలసిస్ అయి నీరసించిన ఆ తల్లి ఆసుపత్రి గేటు దగ్గర గంటసేపు ఆటో కోసం కూర్చోవలసి వచ్చింది.

అప్పుడు ఆ అబ్బాయిని మేము ఒక వృద్ధ వైరింగ్ ఉస్తాద్ దగ్గరకు తీసుకువెళ్ళాం. "చాచా, బ్యాటరీ కొత్తదే, సెల్ఫ్ కూడా బాగు చేయించాను" అన్నాడు కుర్రవాడు. "బేటా, మార్చినవి చెప్పావు. కొలిచినవేమైనా ఉంటే చెప్పు" అన్నారాయన. కొలిచినది ఏదీ లేదు.

ఆయన తాళంచెవి తిప్పించి బ్యాటరీ కొనల మధ్య చూశారు. 11 వోల్టులకు పైనే ఉంది. అంటే బ్యాటరీ నిర్దోషి. తర్వాత మీటరు ఒక కొన బ్యాటరీ నెగెటివ్ మీద, రెండో కొన ఇంజన్ ఇనుము మీద పెట్టి మళ్ళీ తిప్పించారు. అక్కడ 0.2, 0.3 వోల్టులకు మించి ఉండకూడదు. మీటరు 4 వోల్టులు చూపించింది! ఎర్త్ దారిలోనే 4 వోల్టులు తినేస్తుంటే, పాపం సెల్ఫ్ మాత్రం ఏం చేస్తుంది? ఆ తర్వాత ఆయన కుర్రవాడి చేత ఆక్సిలేటర్ కేబుల్ ముట్టించారు. అది చురుక్కుమంది. ఇంజన్ ఎర్త్ పట్టీ తెగిపోయినప్పుడు కరెంటు మరో దారి వెతుక్కుంటుంది. ఆక్సిలేటర్ కేబుల్ ఉక్కు తీగ గుండా బాడీలోకి పోతుంది. ఆ తీగ కాలి, బిగుసుకుపోయి, నడిరోడ్డు మీద ఆక్సిలేటర్ తొక్కినచోటే ఇరుక్కుంటే ఏమయ్యేదో ఊహించుకోండి.

లావు జంపర్ కేబుల్‌తో బ్యాటరీ నెగెటివ్‌నూ ఇంజన్‌నూ నేరుగా కలపగానే కారు ఒక్క తిప్పుకే అందుకుంది. గేర్‌బాక్స్ పక్కన చూస్తే రాగి పట్టీలో నాలుగైదు పోగులే మిగిలి ఉన్నాయి. కొత్త పట్టీకి అయిన ఖర్చు ఆసుపత్రికి ఒకసారి పోయివచ్చే పెట్రోలు ఖర్చు కూడా కాదు. ఆ కారు తర్వాత కూడా ఆ తల్లిని ఆసుపత్రికి తీసుకువెళ్తూనే ఉంది.

ఈ పరీక్షకు పట్టేది రెండు నిమిషాలు. పాజిటివ్ వైపు కూడా ఇలాగే బ్యాటరీ కొన నుంచి సెల్ఫ్ బోల్టు వరకు చూడవచ్చు. తిరుగుతున్నప్పుడు అర వోల్టు కంటే ఎక్కువ పోకూడదు.

తిరుగుతుంది, అంటుకోదు

సెల్ఫ్ జోరుగా తిరుగుతున్నా ఇంజన్ అంటుకోకపోతే బ్యాటరీని వదిలేయండి. ఇక చూడవలసినవి రెండే: నిప్పు, పెట్రోలు.

నిప్పు సంగతి తేల్చడానికి ఒక ప్లగ్గు విప్పి, వైరుకు తగిలించి, దాని ఇనుప ఒంటిని ఇంజన్‌కు ఆనించి, రబ్బరు పిడి ఉన్న పట్టకారుతో పట్టుకుని సెల్ఫ్ తిప్పించాలి. చుట్టుపక్కల పెట్రోలు ఒలికి ఉండకూడదు. నీలిరంగు మెరుపు టపటపా రావాలి. పసుపుగా, బలహీనంగా వస్తే కాయిల్, కండెన్సర్, పాయింట్లు, డిస్ట్రిబ్యూటర్ మూత వరుసగా చూడాలి. పాయింట్లున్న పాత అంబాసిడర్లలో వాటి మధ్య సందు ఇంచుమించు 0.4 మిల్లీమీటర్లు ఉండాలి. కాలిపోయి నల్లబడితే సన్నని ఆకురాయితో రుద్దితే తాత్కాలికంగా పని జరుగుతుంది. వర్షాకాలంలో అయితే ముందు డిస్ట్రిబ్యూటర్ మూత విప్పి, లోపలి తేమను పొడిగుడ్డతో తుడవండి. చాలాసార్లు మందు అదే.

మే నెల ఎండల్లో దీనికి భిన్నమైన చిక్కు వస్తుంది. కాసేపు ఆపిన కారు మళ్ళీ అంటుకోదు. ఇంజన్ వేడికి పంపులో, గొట్టంలో పెట్రోలు ఆవిరై దారికి అడ్డుపడుతుంది. బానెట్ ఎత్తి పది నిమిషాలు ఆగడం, పెట్రోలు పంపు మీద తడిగుడ్డ వేయడం మన డ్రైవర్లకు తెలిసిన ఉపాయమే. ఇది కరెంటు జబ్బు కాదు, దీనికి కాయిల్ మార్చించుకోకండి.

తెల్లారేసరికి ఖాళీ అయితే

బ్యాటరీ మంచిదే, ఛార్జింగూ బాగుంది. అయినా రెండు రోజులు కదపకపోతే కారు పలకదు. అంటే ఎక్కడో కరెంటు కారిపోతోంది. ఆరిపోని 5 వాట్ల లోపలి బల్బు ఒక్కటి చాలు. అది 0.4 ఆంపియర్లు తింటుంది. చిన్న కారులోని 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీని మూడున్నర రోజుల్లో పూర్తిగా పీల్చేస్తుంది.

దీన్ని పట్టుకోవడానికి అన్నీ ఆపి, తలుపులు మూసి, నెగెటివ్ కేబుల్ విప్పి, ఆ కొనకూ కేబుల్‌కూ మధ్య మీటరును ఆంపియర్ల మీద పెట్టి కలపాలి. ఆ స్థితిలో తాళంచెవి మాత్రం తిప్పకూడదు, మీటరు కాలిపోతుంది. పాత కారులో 0.05 ఆంపియర్లకు మించి కనిపిస్తే ఫ్యూజులు ఒక్కొక్కటే తీస్తూ పోవాలి. ఏది తీసినప్పుడు అంకె పడిపోతుందో దొంగ ఆ దారిలోనే ఉన్నాడు. తర్వాత బిగించిన స్టీరియోలు, అలారాల వద్దే ఎక్కువసార్లు దొరుకుతాడు. ఏ ఫ్యూజు తీసినా తగ్గకపోతే ఆల్టర్నేటర్ డయోడ్లను అనుమానించాలి.

ప్రాణం మీదికి తెచ్చే అతుకులు

స్టార్టింగ్ చిక్కు వల్ల పోయేది కాలం, డబ్బు. వైరింగ్ నిర్లక్ష్యం వల్ల పోయేది ప్రాణం. ఈ మాటను మన కుటుంబాలు గట్టిగా గుర్తుంచుకోవాలి.

మాటిమాటికీ పోతున్న ఫ్యూజు మనకు ప్రమాదం గురించి చెబుతోంది. దాని స్థానంలో రాగి తీగో, సిగరెట్ పెట్టెలోని వెండి కాగితమో చుట్టేవారున్నారు. అది కాపలాదారు నోరు మూయించడమే. ఇక కాలేది వైరే. 10 ఆంపియర్ల ఫ్యూజు పోతే 10దే వేయాలి, కారణం వెతకాలి.

హెడ్‌లైట్ల సంగతీ అంతే. మామూలు 55 వాట్ల బల్బులు రెండూ కలిసి 9 ఆంపియర్లు లాగుతాయి. వాటిని తీసి 100 వాట్లవి వేస్తే దాదాపు 17 ఆంపియర్లు అవుతాయి. ముప్ఫయ్యేళ్ళ నాటి వైరూ, స్విచ్చూ ఆ వేడి భరించలేవు. హారన్లు, అదనపు లైట్లు బిగించేటప్పుడు బ్యాటరీ పక్కనే ఫ్యూజు, మధ్యలో రిలే తప్పక ఉండాలి. మెలిపెట్టి టేపు చుట్టిన అతుకులు, బానెట్‌లో ఎలుకలు కొరికిన వైర్లు ఏడాదికొకసారైనా చూపించుకోవాలి. గ్యాస్ కిట్ ఉన్న కార్లలో అయితే ఈ జాగ్రత్త రెండింతలు ఉండాలి.

మరో బండి బ్యాటరీతో స్టార్ట్ చేసేటప్పుడు పాజిటివ్‌ను పాజిటివ్‌కే కలపాలి. నెగెటివ్ కేబుల్ రెండో కొనను మాత్రం ఆగిపోయిన కారు ఇంజన్ ఇనుముకు, బ్యాటరీకి దూరంగా తగిలించాలి. బ్యాటరీ నుంచి వెలువడే హైడ్రోజన్ చిన్న నిప్పురవ్వకే పేలుతుంది. బానెట్ ఎత్తి అగ్గిపుల్ల గీసి చూసే అలవాటు ఎవరికైనా ఉంటే నేడే మానుకోవాలి. ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ వైరు విప్పి ఛార్జింగ్ చూడటం డైనమో కాలంలో చెల్లింది. ఆల్టర్నేటర్ ఉన్న కారులో అలా చేస్తే డయోడ్లు పోతాయి.

ఉస్తాద్‌లకూ, యజమానులకూ ఒక మాట

హైదరాబాద్ గల్లీల్లోని వైరింగ్ షాపుల నుంచి విజయవాడ ఆటోనగర్ వరకు ఈ పనిలో మనవాళ్ళు ఎందరో ఉన్నారు. చదువు మధ్యలో ఆగిపోయిన పిల్లలు ఉస్తాద్‌ల వద్ద చేరి, షాగిర్ద్‌లుగా నేర్చుకుని, కుటుంబాలను నిలబెట్టారు. వారి చేతిలోకి వచ్చిన కారు ఒక అమానత్. కొలిచి చూపించి, పాత భాగాన్ని యజమాని చేతిలో పెట్టి, అప్పుడు డబ్బు అడిగే మెకానిక్‌కు పేరూ బరకత్తూ రెండూ దక్కుతాయి. యజమానులు కూడా కొలిచి చూసినందుకు కూలీ ఇవ్వడానికి వెనకాడకూడదు. భాగం అమ్మితేనే డబ్బు, రోగం కనిపెడితే 'షుక్రియా' మాత్రమే అంటే, ఎవరైనా భాగాలే అమ్ముతారు.

కారులో ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకోండి. ఏ తేదీన బ్యాటరీ ఎన్ని వోల్టులు చూపించింది, ఏ వైరు మార్చారు అన్నది రాసుకోండి. ఆరు నెలలకొకసారి ఒక సెలవు రోజు ఉదయం అరగంట కేటాయించి, టెర్మినళ్ళు, ఎర్త్ పట్టీ, ఫ్యూజులు, బెల్టు చూడండి. పక్కన కొడుకునూ కూతురినీ ఇద్దరినీ నిలబెట్టుకుని మీటరు వారి చేతికే ఇవ్వండి. రాత్రివేళ ఇంట్లో మగవారు లేనప్పుడు తల్లిని ఆసుపత్రికి తీసుకుపోవలసింది ఆ కూతురే కావచ్చు.